మునిగిన పేరును మళ్లీ పెట్టిన మామ

మామ పోయిన కబురు నాయన తెచ్చాడు. సోమందేపల్లె దగ్గర మా బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ భుజం మీద ఉండే తువ్వాలు ఆ రోజు చేతిలో ఉంది. ఆయన ఏనాడూ బడి లోపలికి రాడు. చదువు రానోడికి ఈడ పనేముండాది అంటాడు. నేనే వెళ్లాను.

"మామ పోయినాడు పాపా," అన్నాడు. "పొద్దున్నే మన వాకిట్లోకి వచ్చినాడు. దినామూ అడిగేదే అడిగినాడు. మీయమ్మ లోపల్నుంచి జవాబు చెప్పేలోగా అరుగు మీద కూచున్నాడు. మళ్ల లేయలేదు."

దినామూ అడిగేది ఏమిటో నాకు తెలుసు. "ఓడ తేల్తాండాదా?" ఆ ఓడ నేనే.

కదిరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ ప్రశ్నకు అమ్మ ఏం జవాబు చెప్పబోయిందో నాయనను అడగాలనుకున్నాను. అడగలేకపోయాను. మామ ఎవరో, నన్ను ఓడ అని ఎందుకు పిలిచేవాడో, చదివేవాళ్లకు కొంచెం చెప్పాలని ఇది రాస్తున్నాను.

మామ మా అమ్మకు అన్న. మా ఊరు తనకల్లు పక్కన. చెరువులో నీళ్లుంటే వింతగా చూసే ఊరు. అలాంటి చోటి నుంచి వెళ్లి ఆయన యుద్ధ ఓడల్లో చేరాడు. ఓడ మీద ఆయన పని తాళ్లు, లంగరు. సెలవు మీద వచ్చినప్పుడు ఎద్దుల పలుపులు కూడా కొత్త రకం ముళ్లు వేసి కట్టేవాడు. వాటిని విప్పలేక నాయన తిట్టుకునేవాడు.

ఆయన పనిచేసిన ఓడ పేరు పినాకిని. మన జిల్లాలో పారే పెన్నకు అది పుస్తకాల్లో ఉన్న పేరు. "ఏట్లో నీళ్లు లేవు గానీ, ఏటి పేరు మాత్రం సముద్రంలో ఈదుతాండాది సూడప్పా," అని నాయనతో అని నవ్వేవాడు.

ఇక మా ఇంటి సంగతి. నాకంటే ముందు అమ్మకు ఒక ఆడపిల్ల. పేరు నాగరత్న. నేను పుట్టకముందే, తొమ్మిదేళ్ల పిల్లగా, మా చేని బావిలో పోయింది. ఎండాకాలంలో నీళ్లు అడుక్కు పోతే లోపలి మెట్ల మీదుగా దిగి కడవ ముంచుకోవాలి. కడవ పైకి తేలింది, అక్క తేలలేదు. అప్పుడు అమ్మ అవతలి గట్టున చెనిక్కాయ చేనులో కలుపు తీస్తూ ఉంది. అరుపు కూడా వినపడలేదట.

మా పక్క ఒక పద్ధతి ఉంది. నిండుగా బతికి పోయిన అవ్వల, తాతల పేర్లు పుట్టినవాళ్లకు పెడతారు. పసితనంలో పోయిన బిడ్డ పేరు మాత్రం ఎవరికీ పెట్టరు. ఆ పేరు మళ్లీ వాకిట్లో వినపడితే చావు ఆ ఇంటిని గుర్తుపడుతుందని భయం. ఆ తర్వాత పుట్టిన బిడ్డను ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించి, ఎవరో పారేసిన దాన్ని ఏరి తెచ్చుకున్నట్టు లోపలికి తెచ్చుకుంటారు. పుల్లమ్మ అనో పెంటయ్య అనో పిలుస్తారు. నన్ను పుల్లమ్మ అన్నారు. పుల్లీ అంటే పలికేదాన్ని.

బడి తెరిచే రోజుల్లో మామ సెలవు మీద వచ్చాడు. నన్ను బడిలో వేస్తానని భుజం మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. అంతవరకు మా ఇంట్లో పలక పట్టినవాళ్లు లేరు. అయ్యవారు పేరు అడిగాడు. పుల్లమ్మ అందామని నేను నోరు తెరిచేలోగా మామ చెప్పాడు, "నాగరత్న." నాకు ఆ పేరు ఎవరిదో కూడా అప్పటికి తెలియదు. మా ఇంట్లో ఎవరూ దాన్ని పలికేవాళ్లు కాదు.

ఇంటికి రాగానే ఆయనే అమ్మతో చెప్పేశాడు. దాచలేదు. అమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టింది.

"మునిగిన పేరు," అంది. "సచ్చిపోయినదాని పేరు. తీస్కపోయి బతికున్నదానికి తగిలించి వస్తివా అన్నా?"

"మా ఓడది కూడా మునిగిన పేరేనమ్మా. మా ఓడకు ముందు అదే పేరుతో ఒకటి ఉండె. తెల్లోళ్ల కాలంలో, పెద్ద యుద్ధంలో మునిగిపాయ. మనుషులతోనే పాయ. మళ్ల ఓడ కట్టినప్పుడు ఆ పేరే పెట్టినారు. ఓడల్లో అదే ఆనవాయితీ. పోయినోళ్ల పేర్లు ఒక చెక్క మీద చెక్కి తగిలించినారు. డ్యూటీకి పోయేటప్పుడు దాని ముందర నుంచే పోవాల. అది చూసినోడు ముడి వదులుగా వేస్తాడా?"

"నా బిడ్డ ఓడ గాదు."

"గాదు. అందుకే చెప్తాండా. పేరు చంపదు, పేరు కాపాడదు. పెట్టినోళ్లు కాపాడాల."

"లీవు అయిపోతానే నువ్వు పోతావు. కాపాడేదెవురు?"

మామ దానికి జవాబు చెప్పలేదు. అంత మాటకారి నోరు మూసుకోవడం నేను చూడడం అదే మొదలు. అమ్మ మళ్లీ చేట ఎత్తుకుంది. చెరుగుతూనే అంది: "ఇను. నీ ఓడ మునిగిన దినం ఈ పేరు తుడిపించేస్తా. బడీ మానిపిస్తా. అంతదాకా ఈ పిల్లను ఆ పేరుతో నేను పిలవను. నీతోనూ మాట్లాడను."

మామ సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు అమ్మ దంపుతున్న రోకలి ఆపలేదు. నా చదువు ఆ విధంగా, ఎక్కడో కంటికి కనపడని ఒక ఓడకు కట్టుబడిపోయింది.

ఆ చలికాలమే యుద్ధం వచ్చింది.

ఊళ్లో రేడియో అయ్యవారి దగ్గర ఒక్కటే ఉంది. సాయంత్రం వార్తల వేళకు జనం బడి ముందర చేరేవాళ్లు. అమ్మ కూడా నన్ను చంకనేసుకుని వచ్చి, అందరికీ ఎడంగా, గోడవార కూర్చునేది. ఎందుకొచ్చినావని ఎవరైనా అడిగితే, "పుల్లి బడి కాడికి పోదామని ఏడుస్తాంటే వచ్చినా" అనేది. నేను ఏడ్చేదాన్ని కాదు.

ఒక సాయంత్రం రేడియోలో మన ఓడ ఒకటి మునిగిందని చెప్పారు. పేరు చెప్పే దగ్గర గరగరమని శబ్దం. అయ్యవారు రేడియోను అటు తిప్పి ఇటు తిప్పి, తల అడ్డంగా ఊపాడు. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ లేచి, చీర దులుపుకుని ఇంటికి నడిచింది. దారిలో ఒకే మాట అడిగింది.

"మామ ఓడ పేరేమే?"

అంతకాలం ఆమె ఆ పేరు చెవిన పడనిచ్చేది కాదు. నేను చెప్పాను, అది మన ఏటి పేరేనని మామ అన్నమాట కూడా. నోట్లోనే ఒకసారి అనుకుంది. "పెన్నేటి పేరా," అంది.

తెల్లవారి ఇద్దరం తనకల్లుకు నడిచాం. కదిరి నుంచి వచ్చే బస్సులో పేపర్ల కట్ట వస్తుంది. టీకొట్టు వాకిట్లో నలుగురు మగవాళ్లు పేపరు పంచుకుని చదువుతున్నారు. వాళ్లను అడిగితే ఒక్క క్షణంలో చెప్పేవాళ్లు. అమ్మ అడగలేదు. ఒక పేపరు కొని, నన్ను కొట్టు వెనక చింతచెట్టు నీడకు లాక్కుపోయి, నా ముందు పరిచింది.

"ఎవురన్నా చెప్తే, వాళ్లు నోరు తెరవకముందే మొగం సూసి సచ్చిపోతా," అంది. "నువ్వు సదువు."

నేను ఒకటో తరగతి. అక్షరాలు వచ్చు, కూడబలుక్కోవడం ఇంకా సరిగా రాదు. పేపరు అక్షరాలు పలక మీద అక్షరాల్లా లేవు, చీమల్లా ఉన్నాయి. ఓడ బొమ్మ వేసిన చోట వేలు పెట్టింది అమ్మ. ఆ వేలు అడ్డం ఉంటే అక్షరం కనపడలేదు. వేలు తీయమన్నాను. తీసింది. పెద్ద అక్షరాల్లో ఓ, డ కనపడ్డాయి. దాని పక్కన పేరు. మామ ఓడ పేరు మొదలయ్యే అక్షరం ఏదో నాకు తెలుసు, ఆయనే నేల మీద పుల్లతో రాసి చూపించాడు.

"అది గాదుమా," అన్నాను.

"సరిగ్గా సూడు."

చూశాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు వేలు పెట్టి చూశాను. అది వేరే ఓడ. నేను జన్మలో మొదటిసారి చదివిన మాట అదే. ఆ ఓడ పేరు ఇక్కడ రాయను. మాకు ఊపిరి వచ్చిన ఆ నిమిషంలో ఎన్నో ఇళ్లలో ఊపిరి ఆగి ఉంటుంది.

అమ్మ కూడా అదే అంది. ముందు నేల మీద చతికిలబడింది. నా తల మీద చెయ్యి పెట్టింది. కొంతసేపటికి, "ఆ ఓడలో ఉండేవోళ్లకూ చెల్లెండ్లు ఉంటారు గదే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యుద్ధం అయిపోయేవరకు ప్రతి ఉదయం నాతో పేపరు చదివించింది. బడి మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు. పేరుతో పిలవనూ లేదు.

ఒక ఏడాది గడిచాక మామ ఉద్యోగం చాలించుకుని వచ్చేశాడు. ఆయన ఓడను కూడా ఆ కాలంలోనే విరగ్గొట్టడానికి పంపారట. "ముసిలిదై, రేవులో, తాడు కట్టుకొని పాయ. ఓడకు అంతకంటే ఏం గావాల?" అనేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో ఇంకెక్కడా ఉండనని మా ఇంటికి ఎదురుగా పాడుబడిన కొట్టం బాగుచేసుకుని అందులో చేరాడు. తెచ్చుకున్నది ఒక ఇనప్పెట్టె, ఒక చుట్ట తాడు.

మరుసటి ఉదయం నుంచి ఆ ప్రశ్న మొదలైంది. పళ్లపుల్ల నములుతూ వాకిట్లో నిలబడి, "ఏం పాపా, ఓడ తేల్తాండాదా?" అనేవాడు. నేను పక్కలోంచే, "తేల్తాండాది మామా," అని అరిచేదాన్ని. ఆయన వెళ్లిపోయేవాడు. అదొక ఆట అనుకునేదాన్ని. అమ్మకు మాత్రం ఒళ్లు మండేది. "పొద్దున్నే వాకిట్లో ఈ అపశకునం మాటేంది?" అని ఆయనతో కాకుండా ఆవుతో అనేది. ఇంకా మాటలు లేవు కదా.

నాకు తొమ్మిదో ఏడు వచ్చింది. అమ్మ నన్ను నీళ్ల దరిదాపులకు పోనివ్వడం మానేసింది. కడవ ముట్టుకోనివ్వదు. వాన వస్తే వాకిలి దాటనివ్వదు. బడికి పోయే దారిలో ఆ బావి ఉందని, ఎండలో చుట్టు తిరిగి పొమ్మనేది. రాత్రి నిద్రలో తడిమి చూసుకునేది. ఆ ఏడు గడుస్తుందా లేదా అన్నట్టుండేది ఇల్లు.

ఆ ఏడే, కరువు పోయి, మంచి వానలు పడ్డాయి. బావి సగానికి పైగా నిండింది. ఒక ఆదివారం మామ నన్ను పిలిచి, నా వీపుకు ఎండిన సొరబుర్ర కట్టాడు. నడుముకు తాడు చుట్టి, బిగుసుకోని, జారని ముడి ఒకటి వేశాడు. "పద," అన్నాడు.

"యాడికి మామా?"

"బాయికి."

అక్క పోయిన బావికే. దారిలో ఎదురైన ఆడవాళ్లు నిలబడిపోయారు. "ఏమప్పా, ఉన్నదాన్ని గూడా గంగమ్మకు అప్పజెప్తావా?" అని ఒకామె అననే అంది. మామ నా నడుము దగ్గర ముడిని మళ్లీ ఒకసారి గుంజి చూసుకుని నడిచాడు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయనకు కూడా భయంగానే ఉండి ఉంటుంది.

నేను నాలుగు మెట్లు దిగానో లేదో, గట్టు మీద అమ్మ. కొడవలి చేతిలోనే ఉంది, చేనులోంచి పరుగెత్తి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బావిలోకి చూసింది. అక్క పోయాక ఆమె ఆ బావిలోకి చూడడం అదే మొదలని తర్వాత తెలిసింది. నేను మెట్టు మీద నిలబడి ఉన్నాను. నీళ్లు పాదాలను తాకుతున్నాయి. పైకి రమ్మంటుందా, దిగమంటుందా తెలియక, కదలలేదు.

"తాడు ఇట్లియ్యి," అంది అమ్మ. ఇన్నేళ్ల తర్వాత అన్నతో ఆమె మాట్లాడిన మొదటి మాట.

మామ ఇచ్చాడు.

"నీ చేతిలో ఉంటే నాకు నమ్మకం లేదు. ఒకదాన్ని సూడకుండానే పోగొట్టుకుంటి. దీన్ని నేనే పట్టుకుంటా. నువ్వు నీళ్లలోకి దిగు."

అలా దిగాడు ఆయన. కింద నుంచి చేతులు చాచాడు. నేను దూకాను. నీళ్లు నా తల మీదుగా మూసుకున్నాయి. ఆ క్షణంలోనే పైనుంచి ఒక్క గుంజు గుంజింది అమ్మ. మామ నీళ్లలో నిలబడి ఈదుతూ, "ఇడువు, కొంచెం ఇడువమ్మా, వదిలితేనే తేల్తాది," అంటాడు. "వదల్ను," అంటుంది అమ్మ. ఆ రోజంతా నేను గూటానికి కట్టేసిన దూడలా ఒక్క చోటే కాళ్లు కొట్టుకున్నాను.

"ఈ చెల్లెలి లాంటిది ఒక్కతి ఉండి ఉంటే మా ఓడ రేవు దాటేదే గాదు," అన్నాడు మామ పైకి వచ్చి, తల తుడుచుకుంటూ. అమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ వచ్చేసింది.

ప్రతి ఆదివారం పోయాం. ప్రతిసారి తాడు అమ్మ చేతిలోనే. వారం వారం ఒక మూర, రెండు మూరలు వదిలేది. ఎంత వదలాలో ఆమె ఇష్టం, మామ అడిగేవాడు కాదు. సొరబుర్ర తీసేశాక ఒక రోజు బావిలో అటు చివరి నుంచి ఇటు చివరికి ఈదుకుంటూ వచ్చి పైకి చూశాను. తాడు నీళ్ల మీద వదులుగా తేలుతోంది. గట్టు మీద అమ్మ జుట్టు ముడి వేసుకుంటోంది, రెండు చేతులతో. భయం వేసింది. మళ్లీ చూశాను, తాడు కొస ఆమె కాలి కింద ఉంది.

పదో ఏడు వచ్చింది. ఇల్లు ఊపిరి పీల్చుకుంది. నేను పెద్ద బడికి పోయాను. ఆ తర్వాత అనంతపురంలో హాస్టలు, పంతులమ్మ చదువు. బస్సు ఎక్కించేటప్పుడు మామ ఎప్పుడూ ఒక మాట చెప్పేవాడు: "కొత్త ఊరికి పోతే ముందు లంగరు యాడ దిగుతాదో సూసుకో, మిగతాది తర్వాత." హాస్టలులో కూడా నేను ముందు వంటామెతో స్నేహం చేసుకున్నాను.

నేను ఊళ్లో లేకపోయినా ఆయన ఉదయం వాకిట్లోకి వచ్చేవాడని అమ్మ చెప్పింది.

"ఓడ తేల్తాండాదా అని నన్నడుగుతాడే. నువ్వు అనంతపురంలో ఉంటే నాకెట్ల తెలుస్తాది? తేల్తాండాదిలే పో అన్నా, అంటా. అంటేగాని కదలడు. టీ గూడా తాగడు."

అప్పుడు అర్థమైంది నాకు, అది ఆట కాదని. ఆ పేరు పెట్టినవాడు ఆయన. పెట్టినవాళ్లే కాపాడాలని అన్నవాడూ ఆయనే. కాపాడేదెవరని చెల్లెలు అడిగితే ఆ రోజు జవాబు చెప్పలేకపోయాడు. తర్వాత బతుకంతా ప్రతి ఉదయం ఆ జవాబు చెబుతూనే ఉన్నాడు.

పోయిన ఏడాది సెలవుల్లో నేను ఇంటికి వెళితే, పినాకిని పేరుతో మూడో ఓడ కడుతున్నారని మామ చెప్పాడు. పాత స్నేహితుడెవరో బస్టాండులో కలిసి చెప్పాడట. "విశాఖపట్నం పోయి చూసి వద్దాం మామా, నేను తీసుకుపోతాను," అన్నాను.

"వద్దు పాపా. సూస్తే దిగులు. దాని తాడు ఇంగెవురి చేతిలోనో ఉంటాది. వాళ్లు బాగా పట్టుకుంటారులే." మళ్లీ తనే, "ముడి సూడకుండా ఉండలేను. సూస్తే పొమ్మంటారు," అని నవ్వాడు.

మామ పోయిన ఆ రోజు నేనూ నాయనా ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. ఆయనను అరుగు మీదే పడుకోబెట్టి ఉన్నారు. అమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. "నేను జవాబు చెప్పలేదే," అంది. "పొయ్యి ఊదుతాంటి. చెప్తాలే అనుకుంటి." ఆ మాటే వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేను ఆయన చెవి దగ్గర వంగి, చిన్నప్పటిలా చెప్పాను. అమ్మకు వినపడేటట్టు చెప్పాను.

మూడో నాడు పాలు పోసి వచ్చాక ఆయన కొట్టం తెరిచాం. ఇనప్పెట్టెలో రెండు జతల బట్టలు. గోడకు ఆ తాడు. కొసన ఆ ముడి అలాగే ఉంది, తొమ్మిదేళ్ల పిల్ల నడుము పట్టేంత కన్నంతో. ఆయన దాన్ని విప్పలేదు. వేరే పనికి వాడలేదు. అమ్మ దాన్ని గూటం మీద నుంచి తీసి, చుట్టలు చుట్టి, కొంగుతో తుడిచింది.

మరుసటి ఉదయం ఆమే నన్ను తనకల్లులో బస్సు దగ్గరకు తీసుకొచ్చింది. తాడు తన భుజానికే వేసుకుంది. అప్పుడు పేపరు కొన్న టీకొట్టు ఉన్నచోటే ఉంది.

"మీ బడి పక్కన బాయి ఉండాదంటివి," అంది.

"ఉందిమా. పిల్లలు మధ్యాహ్నం దాని కాడికే పోతారు. చెప్తే వినరు."

"అయితే ఇది తీస్కపో. నేర్పు. ముందే వదలాకు. కొంచెం కొంచెమే."

కదిరి బస్సు వచ్చింది. కండక్టరు దిగి, "ఎవురమ్మా ఎక్కేది, నువ్వా?" అని అమ్మను అడిగాడు.

"నేను గాదప్పా," అంది అమ్మ. "మా నాగరత్న."

అన్నాక ఆమె నా వైపు చూడలేదు. బస్సు చక్రం వైపు చూస్తూ ఉంది. నేను ఎక్కి కూర్చుని, తాడు ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూశాను. రోడ్డు మధ్యలో అమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ నడుము ఎత్తున ముందుకు చాచి ఉన్నాయి, వేళ్లు సగం ముడిచి. బస్సు దూరం పోయేకొద్దీ ఆ చేతులు ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి, ఒక మూర, ఇంకొక మూర వదులుతున్నట్టు.